బయాలజీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ కోర్సు: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

యూనివర్సిటీలో బయలాజికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ కోర్సు చేసి కొన్నేళ్లయింది. అప్పటి నుంచి నా పనంతా మైక్రోస్కోపులతో, శాంపిల్ నుంచి వచ్చే ఫ్లోరోసెంట్ వెలుగును కొలిచే ఫ్లోరోమీటర్లతోనే. చదివిన కోర్సులన్నిటిలో నేను రోజూ వాడుకుంటున్నది ఇదొక్కటే.

మామూలు బయాలజీ ల్యాబులో శాంపిల్ పెడతాం, బటన్ నొక్కుతాం, వచ్చిన అంకె రాసుకుంటాం. ఇక్కడ ఆ అంకెను ఇచ్చే పరికరాన్ని మనమే కట్టాలి. డీఎన్ఏ మెల్టింగ్ ప్రయోగమే తీసుకోండి. వేడి చేస్తే డీఎన్ఏ జంట పోగులు ఏ ఉష్ణోగ్రత దగ్గర విడిపోతాయో కొలవాలి. జంటగా ఉన్న పోగులకు అతుక్కున్నప్పుడే బాగా వెలిగే సైబర్ గ్రీన్ లాంటి డై కలిపి, నీలి ఎల్‌ఈడీ వెలుగు వేసి, వచ్చే ఆకుపచ్చ కాంతిని, వెలుగును కరెంటుగా మార్చే ఫోటోడయోడ్‌తో పట్టుకుంటాం. ఆ కరెంటు నానోఆంపియర్లలో ఉంటుంది. 10 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టిన ఆంప్లిఫయర్‌తో చదివినా, 1 నానోఆంపియర్‌కు వచ్చేది 10 మిల్లీవోల్టులే. దాని మీద కరెంటు తీగల నుంచి 50 లేదా 60 హెర్ట్జ్ నాయిస్ వచ్చి కూర్చుంటుంది.

16 కిలోఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో ఎక్కువ ఫ్రీక్వెన్సీలను తగ్గించే ఫిల్టర్ కడితే కటాఫ్, అంటే ఆ తగ్గింపు మొదలయ్యే చోటు, సుమారు 10 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అయినా 50 హెర్ట్జ్ నాయిస్ ఐదో వంతుకు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. అందుకే ఎల్‌ఈడీని ఒక ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఆర్పి వెలిగిస్తూ, ఆ ఫ్రీక్వెన్సీలో వచ్చిన సిగ్నల్‌ను మాత్రమే ఏరుకునే లాక్-ఇన్ పద్ధతికి వెళ్తాం. ఆ అవసరం చేతికి తగిలాక నేర్చుకున్న లెక్క మరిచిపోవడం కష్టం.

అసలు చిక్కు ఇంకా ముందుంది. ఉష్ణోగ్రత సెన్సర్ ఉండేది లోహపు దిమ్మలో, డీఎన్ఏ ఉండేది క్యువెట్ అనే చిన్న పారదర్శక గిన్నె లోపలి నీళ్లలో. దిమ్మ ముందు వేడెక్కుతుంది, నీళ్లు ఆలస్యంగా. దాంతో వేడి చేస్తున్నప్పుడు వచ్చే గ్రాఫ్ ఒక ఉష్ణోగ్రత చెబుతుంది, చల్లారుతున్నప్పుడు వచ్చేది అంతకంటే తక్కువ చెబుతుంది. డీఎన్ఏ అదే, ఉప్పు సాంద్రత అదే. తేడా అంతా పరికరానిది. నెమ్మదిగా వేడి చేయాలి, లేదా ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో పెట్టాలి. ఖరీదైన మిషన్ ఇచ్చిన రీడింగ్‌ను కూడా ఇదే కళ్లతో చూడటం నాకు అలవాటైంది ఇక్కడే.

మైక్రోస్కోప్ భాగం నాకు ఇంకా ఇష్టం. కెమెరా ముందు బొమ్మ కట్టే 200 మిల్లీమీటర్ల ట్యూబ్ లెన్స్‌కు డిజైన్ చేసిన 40 రెట్ల ఆబ్జెక్టివ్ (శాంపిల్ వైపు ఉండే లెన్స్) ఫోకల్ లెంగ్త్ 5 మిల్లీమీటర్లు. ఇలాంటి లెక్కలతో మొదలుపెట్టి, లెన్సులు ఒక్కొక్కటీ వరసలో పెట్టుకుంటూ పోతాం. తర్వాత నీళ్లలో కదిలే సూక్ష్మమైన పూసల్ని ట్రాక్ చేస్తాం. ఐన్‌స్టీన్ 1905లో రాసిన సమీకరణం ప్రకారం, మామూలు గది వేడిలో 1 మైక్రాన్ వ్యాసం ఉన్న పూసకు డిఫ్యూజన్ విలువ (పూస ఎంత వేగంగా అటూ ఇటూ చెదిరిపోతుందో చెప్పే అంకె) సెకనుకు సుమారు 0.43 చదరపు మైక్రాన్లు రావాలి. టేబుల్ కదలిక కలిస్తే ఎక్కువ వస్తుంది. రెండు పూసల్ని ఒకేసారి ట్రాక్ చేసి, ఒకదాని కదలిక నుంచి రెండోదాన్ని తీసేస్తే రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఊపు పోతుంది. ఎంత చక్కటి ఉపాయం! ఇప్పటికీ కొత్త మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే, గాజుకు అతుక్కుపోయిన పూసను ట్రాక్ చేయడమే నా మొదటి పని. కదలని పూస ఎంత కదిలినట్టు కనిపిస్తే, ఆ పరికరం పొరపాటు కనీసం అంత.

లోపాలూ ఉన్నాయి. కోడింగ్ భారం చాలా ఎక్కువ, దాన్ని నేర్పే సమయం చాలా తక్కువ. రిపోర్టు గడువు దగ్గరపడితే టెన్షన్ అంతా కోడ్ గురించే. బయాలజీ విద్యార్థులకు సర్క్యూట్లు కొత్త, ఇంజనీరింగ్ వాళ్లకు పిపెట్ కొత్త. పార్ట్‌నర్లను ఆ రెండు వైపుల నుంచి చెరొకరిని కలిపి వేస్తే బాగుండేది. ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ తెచ్చిన, లేజర్ వెలుగుతో సూక్ష్మ కణాల్ని పట్టి ఉంచే ఆప్టికల్ ట్రాప్‌ను చివర్లో హడావిడిగా ముగించేశారు. పికోన్యూటన్ల బలాన్ని కొలిచే ఆ పరికరానికి ఇంకొన్ని వారాలు ఇవ్వాల్సింది.

చేరాలనుకునేవాళ్లు ముందే స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ చూసుకోండి. ఆ టర్మ్‌లో ఇంకో బరువైన ల్యాబ్ పెట్టుకోవద్దు.