వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్: మొదటి మైదానం దగ్గరే వెనక్కి తిరిగితే సగం కూడా చూడనట్టే

ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని ఘాంఘరియా ఊరి నుంచి రెండున్నర గంటలు ఆయాసపడుతూ ఎక్కి, మలుపు తిరగ్గానే లోయ కనపడుతుంది. అక్కడ చాలామంది నోట వచ్చే మొదటి మాట, "ఇంతేనా?" తప్పు వాళ్లది కాదు. ఫోన్లో చూసిన ఫొటోలన్నీ పూల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా నేలకి ఆనించి తీసినవి. అలా తీస్తే పది మొక్కలు కూడా తివాచీలా కనిపిస్తాయి. ఇది తులిప్ తోట కాదు. ఎవరూ నాటలేదు, ఎవరూ వరసలు తీర్చలేదు. మంచునది చెక్కి వదిలేసిన లోయలో, ఏ ఎత్తున ఏ పువ్వు బతకగలదో అది అక్కడ పూస్తుంది. చూడాల్సింది ఆ అమరికనే. అది అర్థమయ్యేలోపే టిఫిన్ బాక్సు విప్పి, నాలుగు ఫొటోలు దిగి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ.

నేల సంగతి ముందు చెప్పుకోవాలి. కింద ఉన్న పుల్నా ఊరి నుంచి ఘాంఘరియా దాకా నడిచే లోయ ఇరుకు. రెండు వైపులా కొండలు నిటారుగా దిగి, నడుమ నీళ్లు రాళ్లని కొట్టుకుంటూ పోతాయి. అది నది కోసిన లోయ. ఘాంఘరియా దాటి పుష్పవతి నది వెంట పైకి వెళ్తే, ఇరుకు సందు తెరుచుకుని అడుగు వెడల్పైన తొట్టిలాంటి లోయ వస్తుంది. ఇది మంచునది కోసిన లోయ. నీరు గాడి కోస్తుంది, మంచునది తొట్టి తొలుస్తుంది. రెండింటి తేడా ఒక్కరోజు నడకలో కాళ్లకే తెలిసే చోట్లు మన దేశంలో ఎక్కువ లేవు. ఆ మంచునది ఇప్పుడు తిప్రా గ్లేసియర్‌గా లోయ పైకొసన మిగిలింది. అది వెనక్కి తగ్గుతూ వదిలిన రాళ్లూ మట్టీ కలిసిన దిబ్బల మీదే దారి పోతుంది.

పార్కు విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 1982లో నేషనల్ పార్కు అయింది, 2005లో నందాదేవి నేషనల్ పార్కుతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మనం నడవగలిగేది సుమారు 5 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పున్న ముక్క మాత్రమే. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఇటుగా వచ్చాకే ఈ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. అంతకుముందు నుంచీ భ్యూందార్ ఊరివాళ్లకి ఇది గొర్రెలు మేపుకునే చోటు.

దారి ఎలా ఉంటుందంటే, గోవింద్‌ఘాట్ నుంచి పుల్నాకి 4 కిలోమీటర్లు షేరు జీపులో వెళ్లొచ్చు. ఆ ముక్క నడిచి సాధించేది ఏమీ లేదు, జీపెక్కండి. పుల్నా నుంచి ఘాంఘరియాకి దాదాపు 10 కిలోమీటర్లు, మామూలు నడకకి 5 గంటలు. రాళ్లు పరిచిన వెడల్పు దారే, తప్పిపోయే ప్రశ్నే లేదు. చిక్కల్లా కంచరగాడిదలతో. పేడ, దాని మీద వాన, దాని కింద నున్నటి రాయి. అవి ఎదురొచ్చినప్పుడు ఎప్పుడూ కొండ వైపు ఒదిగి నిలబడాలి, లోయ అంచున కాదు. వాటి వీపు మీది మూట ఒక్కసారి తగిలితే చాలు. భ్యూందార్ దగ్గర వంతెన దాటాక మిగిలిన దూరం తక్కువే అనిపిస్తుంది కానీ అసలు ఎక్కుడు అక్కడే మొదలవుతుంది. మధ్యాహ్న భోజనం బరువుగా కానిచ్చి ఆ మెలికలు ఎక్కేవాళ్ల అవస్థ రోజూ కనిపించేదే.

పార్కు గేటు ఘాంఘరియా ఊరు దాటగానే ఉంటుంది. ఉదయం 7కి తెరుస్తారు. గుర్తింపు కార్డు చూపించి టికెట్ తీసుకోవాలి. మధ్యాహ్నం దాటి వెళ్తే లోపలికి పంపరు, సాయంత్రం 5కల్లా బయటికి వచ్చేయాలి, రాత్రి బస పూర్తిగా నిషేధం. లోపల దుకాణం లేదు, టీ లేదు. కంచరగాడిదల్ని ఇక్కడి నుంచి పోనివ్వరు. నడవలేని పెద్దవాళ్లనీ పిల్లల్నీ వీపు బుట్టలో మోసుకెళ్లే కండీవాళ్లని మాత్రం అనుమతిస్తారు. బేరం గేటు దగ్గర కాదు, ఊళ్లోనే ముందురోజు మాట్లాడుకోవాలి. "మొదటి మైదానం వరకా, నది ఒడ్డు వరకా" అన్నది తేల్చుకోకపోతే సగం దారిలో పేచీ తప్పదు.

గేటు నుంచి దారి పుష్పవతి వంతెన దాకా దిగి, అక్కడి నుంచి నిటారుగా పైకి లేస్తుంది. 2013 జూన్ వరదల్లో పాత దారి కొట్టుకుపోయాక వేసిన దారి ఇది, పాతదానికన్నా బాగా నిటారు. అయినా పనితనం బాగుంది, మెట్లు సరైన ఎత్తున ఉన్నాయి. ఈ ఎక్కుడులో తల దించుకుని నడిచేస్తారు గానీ, పక్కన తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడుతున్న చెట్లని ఒక్క నిమిషం ఆగి చూడాలి. మన పాత గ్రంథాల్లో వినే భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. ఊడిన పొర కాగితం కన్నా పలచన, వేలితో రాస్తే పట్టులా జారుతుంది. రాలిన ముక్కని ముట్టుకుని అక్కడే వదిలేయండి, చెట్టు నుంచి మాత్రం లాగకండి.

జూన్‌లో, ఒక్కోసారి జూలై మొదట్లోనూ, పక్క వాగుల్లో పైనుంచి జారిన మంచు చరియలు తెచ్చి పోసిన మంచుగుట్టలు దారికి అడ్డంగా ఉంటాయి. అక్కడివాళ్లు వాటినీ గ్లేసియర్ అనే అంటారు, నిజానికి అది గట్టిపడిన పాత మంచు. ప్రమాదం పైన కాదు, కింద. వాగు నీరు అడుగు నుంచి కరిగిస్తూ పోతుంది కాబట్టి లోపల సొరంగం పడుతుంది, పైకి మాత్రం నేలలా గట్టిగా కనిపిస్తుంది. అటవీ సిబ్బంది మెట్లు కొట్టిన చోటే దాటాలి. సొరంగం నోట్లో నిలబడి ఫొటో దిగే సరదా ఎంత మాత్రం వద్దు, కప్పు ఎప్పుడు కూలుతుందో చెప్పలేం.

ఎప్పుడు వెళ్లాలన్నది అందరూ అడిగేదే. పార్కు జూన్ 1 నుంచి అక్టోబరు 31 దాకా తెరిచి ఉంటుంది. పూల కోసమైతే జూలై మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం వరకు. జూన్‌లో మంచు ఎక్కువ, పూలు తక్కువ. ఆగస్టులో గులాబీరంగు బాల్సమ్ మనిషి ఎత్తు పెరిగి దారికి రెండు వైపులా గోడ కడుతుంది. దాని ముదిరిన కాయ తాకితే చాలు, చిటుక్కుమని పగిలి గింజలు ఎగిరిపడతాయి. నీలి గసగసాల పువ్వు, అంటే బ్లూ పాపీ, కావాలంటే మైదానంలో వెతికి లాభం లేదు. బండల సందుల్లో, కాండం నిండా ముళ్లతో, ఒక్కొక్కటిగా ఉంటుంది. రేకులు ఎంత పలచనంటే రాత్రి వాన గట్టిగా పడితే పొద్దుటికి నలిగిపోతాయి, అందుకే వాన తెరిపిచ్చిన ఉదయం దానికి మంచి సమయం. మోరినా అని మరొకటి ఉంది, ముళ్ల ఆకుల మధ్య అంతస్తులుగా పూస్తుంది. విచ్చినప్పుడు తెల్లగా ఉండి, పరాగ సంపర్కం అయ్యాక గులాబీ రంగుకి తిరుగుతుంది. ఒకే కంకిలో రెండు రంగులూ కనిపిస్తే రెండు రకాలనుకోవద్దు. ముదురు నీలంలో టోపీ ఆకారపు పూలు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. అది నాభి జాతి, విషం.

ఒక పెద్ద లోటు కూడా ఉంది. తెల్లపూల గుత్తులతో గుబురుగా పెరిగే నాట్‌వీడ్ చాలా భాగాన్ని కమ్మేసింది, దాని నీడన చిన్న మొక్కలు లేవలేకపోతున్నాయి. ఏటా పీకి పారేస్తున్నా తరగడం లేదు. మేత ఆపేశాకే ఇది పెరిగిందని కొందరి వాదన, మేత వల్ల కుళ్లగించిన నేలలోనే ఇది మొదలైందని మరికొందరిది. ఏదైనా, "లోయంతా తెల్లపూలే" అని మురిసిపోయే ఫొటోల్లో సగం ఈ కలుపే.

మైదానం దాటి ముందుకు వెళ్తే దారి చీలుతుంది. ఒకటి జోన్ మార్గరెట్ లెగ్ సమాధికి. మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో జారిపడి ఇక్కడే చనిపోయిన ఆమె సమాధి అది. రెండోది పుష్పవతి ఒడ్డుకి. రెండోది అస్సలు వదలకండి. ఇసుకలో, గులకరాళ్లలో ఊదారంగు పూల ఎపిలోబియం మొక్క పరుచుకుని ఉంటుంది, మబ్బు విడితే తిప్రా వైపు మంచు కనిపిస్తుంది, జనం ఉండరు. ఘాంఘరియా నుంచి ఇక్కడికి దాదాపు 4 గంటలు. అంటే 7కి గేటు దాటి, 11కి చేరి, ఒంటిగంటకల్లా తిరుగుముఖం పట్టాలి. ఆలస్యంగా లేచేవాళ్లకి ఈ లెక్క కుదరదు.

జంతువుల మీద ఆశలు పెంచుకోవద్దు. మంచు చిరుత, కస్తూరి మృగం, భరల్ అనే కొండ గొర్రె, నల్ల ఎలుగు అన్నీ రికార్డుల్లో ఉన్నాయి. పగటిపూట దారి మీద కనిపించేది మాత్రం పైకా, తోక లేని కుందేలు పిల్లలాంటిది. బండల గుట్ట దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, గడ్డిపరక నోట కరుచుకుని ఒక రాతి కింద దూరి మరో రాతి కింద తేలుతుంది. మోనాల్ పక్షి కోసం గేటు తెరవగానే వెళ్లాలి, చెట్లు పలచబడే ఎత్తున ఈల లాంటి అరుపు వినిపిస్తుంది.

దారికి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు, ఘాంఘరియా బసకి రెండుకు మించి ఇవ్వలేం. గదులు చెమ్మ, దుప్పట్లు తడి వాసన, వేడినీళ్లు బకెట్ లెక్క. ఏటీఎం లేదు, కరెంటుకీ సిగ్నల్‌కీ గ్యారంటీ లేదు, నగదు జోషీమఠ్‌లోనే తీసుకోవాలి. పరోటా, రాజ్మా అన్నం, మ్యాగీ దొరుకుతాయి. గురుద్వారాలో లంగర్ భోజనం వేడిగా, శుభ్రంగా ఉంటుంది. లోయకి వెళ్లే రోజు పరోటాలు పొట్లం కట్టించుకోండి.

ఘాంఘరియా నుంచే దారి ఉన్న సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్‌ని మొదటి రోజే పెట్టుకోకండి. 6 కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకి పైగా ఎత్తు ఎక్కాలి, ఘాంఘరియానే 3,050 మీటర్లు. ముందు లోయ, మర్నాడు హేమకుండ్ అయితే ఒళ్లు ఎత్తుకి అలవాటు పడుతుంది. తలనొప్పితో పాటు వాంతి వస్తున్నట్టుంటే మాత్ర వేసుకుని పైకి పోవడం కాదు, దిగిపోవాలి. బ్రహ్మకమలం ఆ దారి పైభాగాన, ఆగస్టు, సెప్టెంబరుల్లో కనిపిస్తుంది, లోయలో వెతకొద్దు.

గొడుగు గాలికి నిలవదు. బ్యాగు మీదుగా కప్పే పాంచో, మడమ దాటే బూట్లు, ఒక చేతికర్ర, మూడు జతల మేజోళ్లు చాలు. జీన్స్ తడిస్తే రెండు రోజులైనా అక్కడ ఆరదు. తిరుగు రైలు టికెట్ మాత్రం దిగొచ్చిన మర్నాటికి చేయించకండి. వానాకాలంలో జోషీమఠ్ రోడ్డు మీద కొండచరియలు విరగడం మామూలే, రాత్రిపూట వాహనాలు నడవనివ్వరు. హరిద్వార్ చేరడానికి రెండు రోజులు ఖాళీ ఉంచుకుంటేనే లెక్క సరిపోతుంది.