సన్న తూనీగల నమోదుకు ఫోనా, నోటుబుక్కా: ఏది మేలు?

మార్చి వచ్చిందంటే మా వైపు కుంటల్లో నీళ్లు వెనక్కి తగ్గుతాయి. అంచుల్లో బురద బయటపడుతుంది, తుంగ మాత్రం ఒక వారగా పచ్చగా నిలబడుతుంది. సన్న తూనీగలను వెతకడానికి కొత్తవాళ్లకు ఇదే సులువైన కాలం. వానల తర్వాత గడ్డి అంతా గాలించాలి. ఇప్పుడైతే మిగిలిన ఆ కాస్త పచ్చదనం దగ్గర కూర్చుంటే చాలు.

చిన్నప్పుడు తోకకు దారం కట్టి ఎగరేసిన పెద్ద తూనీగల గురించి కాదు నేను చెప్పేది. అవి వాలినా రెక్కలు చాచే ఉంచుతాయి. ఈ సన్నవి రెక్కలను వీపు మీదికి మూసుకుంటాయి, కళ్లు తలకు చెరో వైపు దూరంగా ఉంటాయి. ఇంగ్లీషులో వీటిని డామ్‌సెల్‌ఫ్లై అంటారు. (వీటిలోనే లెస్టిస్ అనే రకాలు రెక్కలు సగం తెరిచి కూర్చుని కొత్తవాళ్లను తికమక పెడతాయి. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.)

చూసినవాటిని నమోదు చేయడానికి రెండు దారులున్నాయి. ఫోటో తీసి, చూసినవాళ్లు దాని పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో పెట్టడం ఒకటి, కట్ట వెంట నడుస్తూ నోటుబుక్కులో లెక్క రాసుకోవడం ఇంకొకటి. వల పట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు కానీ నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అప్పుడే పొర విడిచి బయటికొచ్చిన పురుగు రెక్కలు ఎంత మెత్తగా ఉంటాయంటే, వేలు తగిలితే చాలు వంకరపోతాయి.

పేరు తేల్చడంలో ఫోన్‌దే పైచేయి, ఇందులో వాదనే లేదు. మన కుంటల దగ్గర పసుపు పొట్టవి రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదానికి మొదటి నుంచి చివరి దాకా పసుపే. అది సెరియాగ్రియన్ కోరమండేలియానం. 1798లో డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ పెట్టిన ఆ పేరులో మన కోరమండల్ తీరం ఉంది. రెండోదానికి పసుపు పొట్ట చివర నీలం అంటుకుని ఉంటుంది, అది ఇస్క్నురా రుబిలియో. దాని దాయాది ఇస్క్నురా సెనెగలెన్సిస్‌కు పొట్ట పైభాగం నల్లన, చివర మాత్రం నీలం. ఇదంతా మగవాటి సంగతి. ఆడవాటి దగ్గరకొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. సెనెగలెన్సిస్‌లో లేత ఆడది నారింజ రంగులో ఉంటుంది, కొన్ని ఆడవేమో అచ్చం మగదాని రంగు వేసుకుంటాయి. నోటుబుక్కులో "నారింజ రంగుది, ఒకటి" అని రాసుకుని ఇంటికొస్తే తర్వాత దాన్ని ఎవరికి చూపిస్తాం?

ఫోటో ఉంటే చూపించవచ్చు. యాప్‌లో తేదీ, చోటు, ఫోటో మూడూ ఉండి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అంటే దానికి 'రీసెర్చ్ గ్రేడ్', అంటే పరిశోధనకు పనికొచ్చే నమోదు అన్న గుర్తు వస్తుంది. మన దేశపు తూనీగల కోసమే ఒడొనాటా ఆఫ్ ఇండియా అనే వెబ్‌సైటు కూడా ఉంది.

అయితే ఫోన్‌కు ఒక జబ్బుంది. అగ్గిపుల్లంత పురుగును వదిలేసి వెనకాల గడ్డి మీద ఫోకస్ పెడుతుంది. నా మొదటి నెల ఫోటోలు చూస్తే తుంగ మీద పరిశోధన చేశాననుకుంటారు. పురుగు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో అరచెయ్యి పెట్టి ముందు దాని మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత పురుగు వైపు తిప్పితే పని అవుతుంది. పక్క నుంచి ఒకటి, పైనుంచి పొట్ట చివర కనిపించేలా ఒకటి తీయాలి. మీ నీడ దాని మీద పడిందా, అది లేచి వెళ్లిపోతుంది.

ఇక నోటుబుక్కు. ఫోటో "ఇక్కడ ఒకటుంది" అని మాత్రమే చెబుతుంది. నలభై ఉన్న రోజూ, నాలుగే ఉన్న రోజూ యాప్‌లో ఎక్కేది ఒక ఫోటోనే. పైగా మనకు నచ్చిందే తీస్తాం. నీలం తోక దొరికితే పది క్లిక్కులు, మామూలు పసుపుదైతే ఒకటి కూడా ఉండదు. వేసవి మొదట్లో అసలు కథ ఆ లెక్కలోనే ఉంది. కుంట వారం వారం కుంచించుకుపోతుంటే ఏది ముందు మాయమవుతుంది, ఏది చివరి దాకా నిలుస్తుంది అన్నది కాగితం మీదే కనిపిస్తుంది. దానికి ఒకే దారి, ఒకే వేళ, ఒకే దూరం పాటించాలి. ఎండ ముదరకముందు, ఎనిమిదికీ పదికీ మధ్య, గాలి లేని రోజు మంచిది. కనిపించని జాతి ఎదురుగా సున్నా రాయడం మరిచిపోవద్దు, ఖాళీ వదిలితే మనం చూడలేదో, అసలు అది అక్కడ లేదో తర్వాత తెలియదు.

గుడ్లు పెట్టే తీరు కూడా పుస్తకంలోనే బాగా కుదురుతుంది. కోరమండేలియానం మగది ఆడదాని మెడ వెనక పట్టుకుని, గుడ్లు పెట్టేదాకా వదలదు. సెనెగలెన్సిస్ ఆడది ఒంటరిగా వచ్చి పెడుతుంది. ఇది ఫోటో తీసే హడావుడిలో కనిపించదు.

నా మాట అడిగితే, మొదటి నెల ఫోన్, పేర్లు నోటికి వచ్చాక నోటుబుక్కు. వారానికోసారి ఒకే కుంటకు వెళ్లగలిగినవాళ్లకు నోటుబుక్కే మేలు, ఫోన్‌ను అనుమానం వచ్చిన పురుగు కోసం జేబులో ఉంచుకుంటే సరిపోతుంది. సెలవులకు ఊరెళ్లి ఒకే ఒక్క పూట దొరికేవాళ్లు మాత్రం ఫోన్‌నే నమ్ముకోవాలి. ఆ ఒక్క పూటకు కుంట మొత్తం చుట్టొద్దు. తూము కింద నీరు ఊరే కాలవ గట్టుకు నేరుగా వెళ్లండి, కుంట ఎండినా అక్కడ గడ్డి పచ్చగానే ఉంటుంది.