కనాట్ ప్లేస్ క్వాలిటీ: మళ్ళీ తెరిచాక ఏళ్ళ తరబడి తిని చెబుతున్న మాట

పాత రెస్టారెంటును బాగుచేసి మళ్ళీ తెరిచినప్పుడు మొదటి నెలలో వచ్చే సమీక్షలను నేను నమ్మను. అప్పుడు అందరి కళ్ళూ దీపాల మీద, కుర్చీల మీద ఉంటాయి. యజమాని వంటగది గుమ్మంలోనే నిలబడి ఉంటాడు, ప్రతి ప్లేటూ చూసి పంపిస్తాడు. అసలు పరీక్ష నాలుగేళ్ళు గడిచాక, ఏ పండగా లేని బుధవారం మధ్యాహ్నం, ఆ చోటుకి పేరు తెచ్చిన వంటకం అడిగినప్పుడు జరుగుతుంది. ఢిల్లీ కనాట్ ప్లేస్‌లోని క్వాలిటీ 2018లో కొత్తగా సింగారించుకుని మళ్ళీ తెరుచుకుంది. అంతకు ముందు తిన్నాను, ఆ తర్వాత కూడా తింటూనే ఉన్నాను. ఆ బుధవారం పరీక్షలో అది నెగ్గింది. ఈ ఊళ్ళో ఉండే మనవాళ్ళకీ, ఇటు వచ్చిపోయే మనవాళ్ళకీ ఆ సంగతి తీరిగ్గా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

క్వాలిటీ అనగానే మనకి ఐస్‌క్రీమ్ బండి గుర్తొస్తుంది. ఆ పేరు మొదలైంది ఇక్కడే. 1940లో పిశోరీలాల్ లాంబా, ఇక్బాల్ ఘాయ్ కలిసి కనాట్ ప్లేస్‌లో ఐస్‌క్రీమ్ దుకాణంగా పెట్టారు. తర్వాత అది రెస్టారెంటు అయింది. బొంబాయి చర్చ్‌గేట్ దగ్గరి గేలార్డ్ కూడా ఈ కుటుంబాల చేతి మీదుగా వచ్చిందే. ఐస్‌క్రీమ్ వ్యాపారం 1990లలో హిందుస్థాన్ లీవర్ వైపు వెళ్ళిపోయింది గానీ, పార్లమెంట్ స్ట్రీట్ మలుపులో రీగల్ బిల్డింగ్ కింద రెస్టారెంటు అలాగే నిలిచింది. అదే భవనంలో 1932 నుంచి నడిచిన రీగల్ సినిమా హాలు 2017 మార్చిలో ఆఖరి ఆట వేసి మూసేశారు. కనాట్ ప్లేస్‌లో పాతవన్నీ ఒక్కొక్కటే పోతున్నాయని పాత ఢిల్లీవాసులు దిగులు పడుతున్న రోజులవి. ఆ మరుసటి ఏడాదే క్వాలిటీ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయంటే, ఇక్కడ నలభై ఏళ్ళు ఉద్యోగాలు చేసి స్థిరపడ్డ వాళ్ళకి ఎంత ఊరటో బయటి నుంచి వచ్చిన వాళ్ళకి చెబితే అర్థం కాదు.

లోపల ముదురు రంగు చెక్క పని, పైన షాండ్లియర్లు, గోడల వెంట మెత్తని సోఫా సీట్లు. సాయంత్రాలు పియానో వాయిస్తారు. పాతదాన్ని యథాతథంగా అట్టే పెట్టలేదు, నిజానికి పాతదానికంటే ఇప్పుడే దర్జాగా ఉంది. నాకు నచ్చింది వేరే. టేబుల్‌కీ టేబుల్‌కీ మధ్య మాటలు వినపడనంత ఎడం ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూర్చుని లేవడానికి ఇబ్బంది పడరు. పెద్దవాళ్ళతో హోటల్‌కి వెళ్ళేవాళ్ళకి ఈ రెండూ దీపాలకంటే ముఖ్యం.

ఇక అసలు సంగతి, ఛోలే భటూరే.

ఇంత ఖరీదైన గదిలో కూర్చుని ఢిల్లీలో ప్రతి సందులోనూ దొరికే ఛోలే భటూరే తినడమేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. క్వాలిటీకి పేరు తెచ్చిందే ఆ పళ్ళెం. రావల్పిండి వైపు పద్ధతిలో చేసిన ఛోలే ఇది. మనం హైదరాబాదులోనో విజయవాడలోనో నార్త్ ఇండియన్ హోటల్లో తినే ఎర్రటి టొమాటో గ్రేవీ ఇందులో ఉండదు. గిన్నెలో శనగలు దాదాపు నల్లగా, మసాలా పొడి గింజ గింజకీ అంటుకుని, పొడిపొడిగా ఉంటాయి. ఈ పద్ధతిలో శనగలు ఉడికించేటప్పుడే టీ ఆకో, ఎండు ఉసిరికాయో వేస్తారు. ఆ నలుపు అక్కడి నుంచి వస్తుంది. పులుపుకి ఎండు దానిమ్మ గింజల పొడి, ఆమ్‌చూర్ అనే ఎండు మామిడి పొడి. వాసనకి నల్ల యాలకులు, వేయించిన జీలకర్ర. పైన సన్నగా తరిగిన అల్లం ముక్కలు, పక్కన పచ్చిమిర్చి, ఉల్లిపాయ చక్రాలు.

తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చినప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్ళాను. వంటలో చెయ్యి తిరిగిన మనిషి, బయటి తిండి అంత తేలిగ్గా మెచ్చదు. ఒక శనగ గింజ వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. గింజ మెత్తగా అణిగింది గానీ తొక్క ఊడలేదు. "చూశావుటమ్మా, వెన్నలా ఉడికింది, పగల్లేదు. మంట దగ్గరే కూర్చుని చేశారు దీన్ని" అంది. రెండో ముద్ద తిన్నాక, "చింతపండు లేదు. టొమాటో లేదు. ఇదేదో ఎండిన పులుపు, గొంతు దగ్గర తెలుస్తోంది" అంది. దానిమ్మ గింజలని చెప్పాను. ఇంటికి తిరిగొచ్చేదాకా ఆ పొడి ఎక్కడ దొరుకుతుందని అడుగుతూనే ఉంది. మర్నాడు పాత ఢిల్లీలోని మసాలాల బజారు ఖారీ బావలీకి వెళ్ళి తెచ్చిపెట్టాను. ఇప్పుడు తెనాలిలో మా అత్తయ్య శనగల కూరలో అది పడుతోంది.

భటూరా సంగతి వేరు. మైదాలో పెరుగు కలిపి, పిండిని పొంగనిచ్చి చేసేది కాబట్టి మన పూరీలా పలచగా పెళపెళలాడదు. పొంగి టేబుల్ మీదకి వస్తుంది, వేలితో పొడిస్తే ఆవిరి వేడిగా చేతికి తగులుతుంది. పై పొర పలచన, కింది పొర కాస్త మందం. ఆ మందపు ముక్కతోనే శనగలు పట్టుకోవాలి. చెయ్యాల్సింది ఒక్కటే, వచ్చిన వెంటనే తినాలి. ఫొటోలు తీస్తూ కూర్చుంటే రెండు నిమిషాల్లో పొంగు దిగి నూనె పైకి తేలుతుంది. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఏమిటంటే, నలుగురికీ ఒకేసారి తెచ్చిపెట్టరు. ఒక్కొక్కటీ బాణలి లోంచి తీసినట్టే వస్తుంది. పక్కవాళ్ళకి వచ్చింది, నాకు రాలేదని చిన్నబుచ్చుకోకండి, అది మీ మేలుకే.

పహాడ్‌గంజ్‌లో సీతారామ్ దీవాన్‌చంద్ దగ్గర నిలబడి తినే భటూరా కూడా నాకు ప్రాణమే. అందులో పనీర్ కూరుతారు, రద్దీ ఉంటుంది, చకచకా తిని తప్పుకోవాలి. రెంటికీ పోటీ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పొద్దున్నే ఆకలి మీద ఒక్కణ్ణే వెళ్ళాలంటే అక్కడికి. రెండు గంటలు కూర్చుని మాట్లాడుకుంటూ తినాల్సిన మనుషులుంటే క్వాలిటీకి. బిల్లు చాలా రెట్లు ఎక్కువ, అది ముందే తెలుసుకుని వెళ్ళాలి. ఆ డబ్బు రుచి ఒక్కదానికే కాదు, ఎవరూ లేవమనకుండా కూర్చోనిచ్చినందుకు కూడా. చేతిలో డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేవాణ్ణే అయినా ఆ ఖర్చు నాకు ఎప్పుడూ బాధ అనిపించలేదు.

పాత కనాట్ ప్లేస్ రెస్టారెంట్లన్నిటికీ ఉన్న కాంటినెంటల్ మోజు ఇక్కడా ఉంది. చికెన్ ఆలా కీవ్ లాంటివి. లోపల వెన్న దాచి, పైన రొట్టె పొడి పూసి వేయించిన కోడి రొమ్ము అది. కత్తి పెట్టేటప్పుడు ప్లేటుకి దగ్గరగా వంగకండి, వెన్న చిమ్ముతుంది. కారం అలవాటైన మన నోటికి అది చప్పగా అనిపించవచ్చు. పిల్లలకి మాత్రం బాగా నచ్చుతుంది.

ఈ పునరుద్ధరణను నేను ఇంతగా మెచ్చుకోవడానికి వేరే కారణం ఒకటుంది. దక్షిణాదిలో ఒక నగరంలో మా కుటుంబమంతా చిన్నప్పటి నుంచి వెళ్ళిన ఒక రెస్టారెంటును, పేరు చెప్పను, అలాగే మళ్ళీ తెరిచారు. గోడల మీద పాత ఫొటోలు పెట్టారు, మెనూ మీద పాత అక్షరాలు అచ్చు వేయించారు. వంట మాత్రం మొత్తం మార్చేశారు. నాన్న ఎప్పుడూ అడిగే కట్లెట్ లేదు, దాని బదులు పేరు పలకలేనిది ఏదో ఉంది. ఆయన మెనూ అటూ ఇటూ తిప్పి, "కాఫీ తాగి వెళదాం రా" అన్నాడు. పాత ఫొటోలు గోడకి కొట్టినంత మాత్రాన పాత చోటు తిరిగి రాదు. క్వాలిటీ వాళ్ళు గది మార్చారు, వెలుతురు మార్చారు, కుర్చీలు మార్చారు. ఛోలే జోలికి మాత్రం పోలేదు. పాత రోజుల్లో నేను తిన్న ఆ పులుపు, ఆ నలుపు, గొంతు దగ్గర ఆ చిన్న ఘాటు ఇప్పటికీ ఉన్నాయి. బాగుచేసి తెరవాలనుకునే ప్రతి పాత హోటల్ యజమానీ ఒకసారి వచ్చి ఈ గిన్నె ముందు కూర్చోవాలని నా కోరిక.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. రాజీవ్ చౌక్ మెట్రోలో దిగి రీగల్ వైపు బయటికి వస్తే నడిచి వెళ్ళేంత దూరం. వారం మధ్యలో, మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందుగా వెళ్ళండి. శని, ఆదివారాలైతే ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోవడం మంచిది. పియానో వినాలంటే సాయంత్రమే వెళ్ళాలి, కానీ భటూరే రాత్రి పూట తింటే నాలాంటి వాళ్ళకి నిద్ర పట్టదు. ఢిల్లీలో ఉండేది రెండు రోజులే అయితే, ఒక పూట అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్లో పప్పు, గోంగూర, నెయ్యి వేసుకుని కడుపు నిండా తినండి, రెండో రోజు ఇక్కడికి రండి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ సరిగ్గా తినలేరు.

నలుగురు వెళితే ఛోలే భటూరే రెండు ప్లేట్లు, ఇంకో కూర, రోటీలు చెప్పి పంచుకుంటే సరిపోతుంది. చివర్లో ఐస్‌క్రీమ్‌కి చోటు ఉంచుకోండి. భటూరే మాత్రం ఎంత ఆశగా ఉన్నా పార్శిల్ కట్టించుకోకండి, ఇంటికి చేరేసరికి సాగిపోయి నమలలేరు. ఛోలే అయితే నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే పులుపు గింజ లోపలిదాకా పడుతుంది. పొద్దున్నే కాస్త నీళ్ళు చిలకరించి సన్నసెగ మీద వేడి చేసి, ఇంట్లో చేసుకున్న పూరీలతో తినండి.