నైల్స్‌లో మూకీ కౌబాయ్ జాడలు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామందికి నైల్స్ అంటే కొండ మీద తెల్లటి అక్షరాలతో కనిపించే పేరు, అంతే. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, ఒకటి రెండు మాల్స్ అయిపోయాక ఇక ఎక్కడికి తీసుకెళ్లాలో తోచదు. హాలీవుడ్‌కు ఇంకా పెద్దగా పేరు రాని రోజుల్లో వారం వారం సినిమాలు తీసిన ఊరు ఫ్రీమాంట్‌లోనే ఒక పేటగా కలిసిపోయి ఉందని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా చాప్లిన్ పేరు చెప్పుకునే వెళ్తారు. నా మటుకు, అక్కడ చూడవలసింది చాప్లిన్‌ను కాదు, బ్రాంకో బిల్లీని.

బ్రాంకో బిల్లీ అంటే మూకీ సినిమాల్లోని కౌబాయ్ పాత్ర. ఆ వేషం వేసిన మనిషి అసలు పేరు మాక్స్ ఆరన్సన్. 1880లో ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో పుట్టాడు. న్యూయార్కులో నాటకాల వేషాల కోసం తిరిగి, పేరు మార్చుకుని గిల్బర్ట్ ఆండర్సన్ అయ్యాడు. 1903లో ఎడిసన్ కంపెనీ తీసిన 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ'లో మూడు చిన్న వేషాలు దొరికాయి. గుర్రపు స్వారీ వచ్చా అంటే బ్రహ్మాండంగా వచ్చని చెప్పి, తీరా ఎక్కాక కింద పడ్డాడట. ఆ మనిషే వెండితెర మీద మొదటి కౌబాయ్ హీరో. 1907లో జార్జ్ స్పూర్‌తో కలిసి షికాగోలో ఎస్సానే కంపెనీ పెట్టాడు; ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు 'ఎస్ అండ్ ఏ' కలిసి కంపెనీ పేరయ్యాయి. షికాగో చలిలో కౌబాయ్ కథలు కుదరవు కనుక బృందాన్ని వెంటబెట్టుకుని పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి, 1912లో నైల్స్‌లో మకాం వేశాడు. ఎండ పుష్కలం, పక్కనే లోయ, లోయలో వాగు, వాగు వెంట రైలు పట్టాలు. దోపిడీ సీను తీయాలంటే సెట్టింగ్ వేసే పనే లేదు.

ఆ మూకీ సినిమాల జ్ఞాపకాలు దాచిన మ్యూజియం నైల్స్ బులవార్డ్ మీదే ఉంది. 1913 నాటి చిన్న సినిమా హాలు అది. మన దేశంలో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదలైన సంవత్సరం కూడా అదే. ముందు గదిలో పాత కెమెరాలు, పోస్టర్లు, ఫొటోలు, లోపల హాలు, పైన ప్రొజెక్టర్ గది. అప్పటి ఫిల్మ్ ఇట్టే అంటుకునే రకం కాబట్టి మంటలు హాల్లోకి రాకుండా ఆ గదిని కట్టారు. అన్నిటికంటే ఎక్కువ సేపు చూడవలసింది అదే. మామూలుగా శని, ఆదివారాల్లో మధ్యాహ్నం మాత్రమే తెరుస్తారు, మిగతా రోజుల్లో వెళ్తే మూసిన తలుపే. చూపించేవాళ్లు స్వచ్ఛందంగా పనిచేసే సినిమా పిచ్చివాళ్లు. ఒక్క ప్రశ్న అడిగితే అరగంట జవాబు వస్తుంది. మా మామయ్యగారు కృష్ణ అభిమాని. 'మోసగాళ్లకు మోసగాడు' గురించి నా చేత ఇంగ్లిషులో చెప్పించి మరీ, తెలుగు కౌబాయ్ ఒకడున్నాడని వాళ్లకు తెలియజేశారు. ఆ సినిమా వచ్చింది 1971లో. ఆండర్సన్ కన్నుమూసింది కూడా అదే సంవత్సరం జనవరిలో. ఆ మాట నేను చెప్పగానే మామయ్యగారు ఆ ఫొటోల దగ్గరకు మళ్లీ వెళ్లి తీరిగ్గా చూశారు.

స్టూడియో కోసం వెతక్కండి. 1933లోనే కూల్చేశారు. నటుల కోసం, పనివాళ్ల కోసం కట్టించిన చిన్న చెక్క ఇళ్లు కొన్ని వెనక వీధిలో నిలిచి ఉన్నాయి. వాటిలో ఇప్పుడు మామూలు కుటుంబాలు ఉంటున్నాయి కాబట్టి రోడ్డు మీద నుంచే చూసి రావాలి. అలాంటి ఇంట్లోనే చాప్లిన్ 1915లో దిగాడు. వారానికి 1,250 డాలర్ల జీతం మాట్లాడుకుని వచ్చిన మనిషికి ఆండర్సన్ తన ఇంట్లోనే గది ఇచ్చాడు. ఇనుప మంచం, కుంటి బల్ల, ఒక కుర్చీ. మరుగుదొడ్లో నీళ్లు పోయాలంటే స్నానాల కుళాయి కింద కూజా పట్టి తెచ్చుకోవలసిందే. కోటీశ్వరుడి ఇల్లు ఇలా ఉందేమిటని చాప్లిన్ తర్వాత ఆత్మకథలో విస్తుపోయాడు. నైల్స్‌లో బస గురించి అంతకంటే పేరున్న ఫిర్యాదు ఇంకొకటి ఉండదు. అయిదు సినిమాలు తీసి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు. అందులో చివరిది 'ది ట్రాంప్'. రోడ్డు వెంట ఒంటరిగా నడిచి వెళ్లే ఆ ముగింపు ఈ లోయ దారిలో తీసిందే.

చాప్లిన్ ఇక్కడ ఉన్నది కొన్ని వారాలు. ఆండర్సన్ నాలుగేళ్లు ఉన్నాడు. ఈ ఊళ్లో ఎస్సానే తీసినవి దాదాపు 350 సినిమాలు. చాలావరకు ఒకటి రెండు రీళ్లవి. కథ రాసేది, తీసేది, వేసేది ఆయనే. తప్పుదారి పట్టిన దొంగ ఎవరో ఆడకూతురి కోసమో, జబ్బు పడ్డ పిల్లవాడి కోసమో జైలుకు సిద్ధపడటం ఆయన కథల్లో పదే పదే వచ్చే మలుపు. తర్వాత అరవై ఏళ్ల పాటు అన్ని భాషల్లోనూ అరిగిపోయేదాకా వాడుకున్నారు. 1916లో ఆండర్సన్ తన వాటా అమ్మేశాడు, స్టూడియో మూతపడింది. తర్వాత కొంతకాలం నాటకాల నిర్మాణం, ఇరవైల మొదట్లో హాస్యనటుడు స్టాన్ లారెల్‌తో చిన్న కామెడీలు. ఆపైన జనం మరిచిపోయారు. 1958లో గౌరవ ఆస్కార్ ఇచ్చేదాకా ఆయన బతికే ఉన్నాడని చాలామందికి తెలియదు.

మ్యూజియం హాల్లో శనివారం రాత్రి ఆట వదులుకోకూడదు. వీలైనప్పుడు అసలు ఫిల్మ్ రీళ్లే వేస్తారు, తెర పక్కన ఒకరు పియానో వాయిస్తారు. అత్తయ్యగారికి ఇంగ్లిషు రాదు. టైటిల్ కార్డు పడ్డప్పుడల్లా మా అబ్బాయి ఆమె చెవిలో తెలుగులో చెబుతూ వచ్చాడు. కాసేపటికి "నువ్వు ఊరుకోరా, నాకు అర్థమవుతోంది" అన్నారు. మన దగ్గర కూడా మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. మామయ్యగారు మాత్రం రెండో రీలుకే కునుకు తీశారు. ఆయనకు తుపాకీ పేలిన చప్పుడు వినపడాల్సిందే.

లోయ రైలు ఆదివారం పెట్టుకున్నాం. నైల్స్, సునోల్ మధ్య అభిమానుల సంఘం ఒకటి పాత రైలుబండ్లు నడుపుతుంది. 1869లో దేశాన్ని అడ్డంగా కలిపిన రైలు మార్గం ఈ లోయలోంచే సాగింది. పైకప్పు లేని పెట్టెలో కూర్చుంటే బ్రాంకో బిల్లీ సినిమాల్లో చూసిన కొండ మలుపులన్నీ కళ్లముందుకు వస్తాయి. ఎండాకాలమైతే టోపీ, నీళ్లు తప్పనిసరి. ఆవిరి ఇంజన్ హోరు కోసం వెళ్లేవాళ్లు ముందే తేదీలు చూసుకోవాలి, చాలా రోజులు డీజిలే. క్రిస్మస్ ముందు దీపాల రైలు టికెట్లు పెట్టిన కొద్దిసేపటికే అయిపోతాయి. సునోల్ గురించి ఒక ముక్క: 1981లో ఆ ఊరివాళ్లు బాస్కో అనే కుక్కను గౌరవ మేయర్‌గా ఎన్నుకున్నారు. పిల్లలకు రైలు కంటే ఈ కథే నచ్చింది.

ఇక బస. నైల్స్ ప్రధాన వీధిలో మంచి కాఫీ, శాండ్‌విచ్ దొరుకుతాయి గానీ పెద్ద హోటళ్లు లేవు. డాలస్ నుంచి మా ఆడపడుచు కుటుంబం కూడా రావడంతో ఇల్లు చాలక వాళ్లకు హైవే పక్కన ఒక హోటల్లో గదులు తీసుకున్నాం. ధర తక్కువే. కానీ రాత్రంతా లారీల రొద, ఉదయం ఫలహారంలో శాకాహారులకు రొట్టె ముక్క, అరటిపండు తప్ప ఏమీ లేదు. మరుసటి రాత్రికి ఫ్రీమాంట్ బార్ట్ (లోకల్ రైలు) స్టేషన్ వైపున్న హోటల్‌కు మారారు. ఖర్చు కొంత పెరిగినా నడిచి వెళ్లే దూరంలో ఇడ్లీ, దోసె ఉంటే పెద్దవాళ్లతో సగం తలనొప్పి తగ్గుతుంది. కారు లేనివాళ్లు బార్ట్ దిగి బస్సులో నైల్స్ చేరుకోవచ్చు. శనివారం ఆట ముగిసేసరికి బస్సుల మధ్య ఎడం బాగా పెరుగుతుంది, తిరుగు ప్రయాణానికి టాక్సీ ముందే చెప్పుకోవడం నయం. లోయ రోడ్డు మీద రాత్రిపూట కొత్తవాళ్లు కారు నడపవద్దు. ఇరుకు, మలుపులెక్కువ, వెనకబండి వాళ్లకు ఓపిక తక్కువ.

పాత సామాన్ల దుకాణాలు వీధి పొడవునా ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి, ధరలు మాత్రం బాగుండవు. జూన్‌లో చాప్లిన్ పేరిట జరిపే సంబరాలకు పిల్లలతో వెళితే సరదాగా ఉంటుంది. అందరూ మీసం, టోపీ, చేతికర్రతో తిరుగుతుంటారు. ఆండర్సన్ గురించి నాలుగు మాటలు తీరిగ్గా వినాలనుకునేవాళ్లు ఆ రోజులు తప్పించి, ఏదో ఒక మామూలు శనివారం మధ్యాహ్నం వెళ్లండి.