రంగు 1934ది, పొగగొట్టం 1959ది

డబ్బా మీద "ఫ్లయింగ్ స్కాట్స్‌మన్, 1934" అని ఉంది కాబట్టే ఈ మోడల్ కొన్నాను, అది బ్రిటన్‌లో పేరున్న ఆవిరి రైలింజన్‌కి చిన్న నమూనా. ఆ ఏడాది నవంబర్ 30న లీడ్స్ నుంచి లండన్‌కి వస్తూ ఈ ఇంజన్ గంటకు 100 మైళ్ళు అందుకుంది, అధికారికంగా నమోదైన లెక్కల్లో ఆవిరి ఇంజన్లలో అదే మొదటిది. ఆ రోజు పట్టాల మీద పరిగెత్తిన ఇంజన్ నాకు కావాలి, అంతే.

ముందు బాగున్నవి చెప్తాను. ఆపిల్ గ్రీన్ చాలా చక్కగా కుదిరింది. నల్లగీతకి రెండు పక్కలా సన్నటి తెల్లగీతలు, బాయిలర్ పట్టీల మీద కూడా ఎక్కడా చెదరలేదు, 1:76 స్కేలులో, అంటే అసలుకి 76వ వంతు సైజులో, అది సులువైన పని కాదు. 4472 నంబరు క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) మీద ఉంది, టెండర్ (వెనక బొగ్గు, నీళ్ళు మోసే బండి) మీద అప్పటి రైల్వే కంపెనీ ఎల్‌ఎన్‌ఈఆర్ అక్షరాలు మాత్రమే ఉన్నాయి, ఇదీ కరెక్టే, 1928 దాకా నంబరు టెండర్ మీదే ఉండేది, తర్వాతే క్యాబ్‌కి మార్చారు.

పైనుంచి చూశాక మాత్రం ప్రాణం ఉసూరుమంది. పొగగొట్టం కోలగా, పొడుగ్గా ఉంది, అంటే రెండు గొట్టాలు ఒకదాని వెనక ఒకటి కలిసిన జంట పొగగొట్టం. అది ఈ ఇంజన్‌కి పెట్టింది 1959లో! అప్పటికి నంబరు 60103, ఒళ్ళంతా బ్రిటిష్ రైల్వేస్ ముదురు ఆకుపచ్చ, గీతలు నారింజ, నలుపు. ముందు భాగంలో పొగపెట్టెకి రెండు వైపులా సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) మీద కప్పే పలకలు కూడా ఉన్నాయి. అవి 1947లో ఈ ఇంజన్‌ని ఏ3 అనే రకంగా మార్చినప్పుడు వచ్చినవి, 1934లో ఇది ఇంకా ఏ1 రకమే.

ఎందుకిలా అయిందో నాకు అర్థమైంది. 1999లో పెద్ద మరమ్మతు తర్వాత అసలు ఇంజన్‌నే ఆపిల్ గ్రీన్‌తో, 4472 నంబరుతో, జంట పొగగొట్టంతో బయటికి తెచ్చారు. ఆ ఫోటోలు చూసి చేసినట్టున్నారు. డబ్బా మీద 1999 అని రాసుంటే నాకే ఫిర్యాదూ ఉండేది కాదు.

దుకాణానికి రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు, డబ్బు వెనక్కిస్తామన్నారు, కానీ "రంగు సరిగానే ఉంది కదండీ" అన్నారు. రంగు ఒక్కటీ సరిపోదండీ, ఆ రంగు వేసిన రోజున ఇంజన్ ఒంటి మీద ఏమేం ఉన్నాయో కూడా చూడాలి.

నడక మెత్తగా ఉంది, పెయింటింగ్‌కి మంచి మార్కులే. అయినా 5కి 2 ఇస్తున్నా. తిప్పి పంపేశాను. ఈసారి పైనుంచి తీసిన ఫోటో అడిగి, ఒంటి పొగగొట్టం చూసుకున్నాకే కొంటాను.