పచ్చ రెక్కల పరాసా ప్రజాతిని గుర్తించడంలో ఐనేచురలిస్ట్ ఎంతవరకు తోడ్పడుతుంది: ఒక సమీక్ష

కొబ్బరి మట్టల అడుగున, ఆముదం ఆకుల మీద, పెరటి మామిడి కొమ్మల మీద కనిపిస్తూ, పొరపాటున చెయ్యి తగిలితే భగ్గున మంట పుట్టించే ఆకుపచ్చ గొంగళి పురుగు మన కోస్తా జిల్లాల రైతులకు కొత్తది కాదు. వీపు మీద నీలం చారలు, ఇరువైపులా ముళ్ల గుత్తులు ఉండే ఈ పురుగు శాస్త్రీయ నామం పరాసా లెపిడా. ఇది లిమకోడిడే అనే కుటుంబానికి, అంటే స్లగ్ మాత్‌ల కుటుంబానికి, అందులోనూ పరాసా అనే ప్రజాతికి (జీనస్, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు) చెందుతుంది. ఈ ప్రజాతి మీద ఆసక్తితో కొంతకాలంగా ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైటును, దాని మొబైల్ యాప్‌ను వాడుతున్నాను. వర్గీకరణ చిక్కుముడిగా ఉన్న ఒక ప్రజాతి విషయంలో సామాన్య ప్రకృతి ప్రేమికుడికి ఆ సేవ ఎంతవరకు నమ్మదగినదో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

సేవను గురించి ముందుగా నాలుగు మాటలు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనేచురలిస్ట్, తరువాత కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్, నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీల అండతో పెరిగి, 2023లో స్వతంత్ర లాభాపేక్ష లేని సంస్థగా మారింది. రుసుము లేదు, ప్రకటనలు లేవు. మనం తీసిన ఫొటోను తేదీతో, స్థలంతో సహా చేరిస్తే, కంప్యూటరు కొన్ని పేర్లు సూచిస్తుంది; ఆపైన ప్రపంచం నలుమూలలా ఉన్న సభ్యులు ఆ పేరును సమర్థిస్తారు లేదా సవరిస్తారు. ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే. పరాసా వంటి ప్రజాతి దగ్గరకు వచ్చేసరికి ఈ ఏర్పాటులోని మంచీ చెడూ రెండూ స్పష్టంగా బయటపడతాయి.

కంప్యూటరు సూచనల విషయంలో, ఈ పురుగు ఏ దశలో దొరికిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పూర్తిగా ఎదిగిన గొంగళి పురుగును పైనుంచీ పక్కనుంచీ వెలుతురులో స్పష్టంగా తీసిన ఫొటోకు లిమకోడిడే కుటుంబం వరకు సూచన దాదాపు ఎప్పుడూ సరిగానే వస్తుంది. ఈ కుటుంబపు పురుగుల ఆకారమే వేరు: తల ఒంటి లోపలికి ముడుచుకుని కనిపించదు, ఇతర గొంగళి పురుగులకు పొట్ట కింద ఉండే కండగల కాళ్ల స్థానంలో వీటికి అంటుకునే మెత్తటి భాగాలు ఉంటాయి కాబట్టి, అవి నడవకుండా ఆకు మీద జారుతున్నట్టు కదులుతాయి. తల్లి పురుగు, అంటే రెక్కల పురుగు దొరికినప్పుడు కూడా పరాసా వరకు చేరుకోవడం కష్టం కాదు. ముందు రెక్కల నడుమ ఆకుపచ్చ రంగు, రెక్క మొదట్లో ఒక గోధుమరంగు మచ్చ, అంచున వెడల్పాటి గోధుమరంగు పట్టీ, వెనుక రెక్కలు మొదట్లో పసుపుగా ఉండి అంచుకు వచ్చేసరికి గోధుమరంగుకు తిరగడం, ఇవన్నీ కలిస్తే లెపిడా పేరు వెంటనే తెర మీదకు వస్తుంది. చిక్కంతా అతి చిన్న వయసు పురుగులతోను, ఖాళీ గూళ్లతోను. గుడ్ల నుంచి బయటపడిన తొలి దశలో ఇవి గుంపుగా చేరి ఆకు అడుగు పొరను మాత్రమే గోకి తింటాయి. ఆ వయసులో నీలం చారలు ఇంకా తేలవు. చెట్టు మాను మీద అతుక్కుని, గుండ్రని మూతతో తెరుచుకునే గట్టి గూడు ఈ కుటుంబంలోని చాలా ప్రజాతుల లక్షణం. అటువంటి ఫొటోకు కంప్యూటరు ఇచ్చే మొదటి పేరును అలాగే నొక్కి ముందుకు పోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇక అసలు విషయం. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించినది పేరు చెప్పడం కాదు, పేరు వెనుక ఉన్న వర్గీకరణను తెరిచి చూపడం. ప్రతి ప్రజాతికీ ఉన్న పుటలో వర్గీకరణ అనే విభాగాన్ని తెరిస్తే, జంతు రాజ్యం నుంచి కీటకాలు, లెపిడోప్టెరా, జైగేనోయిడియా, లిమకోడిడే మీదుగా పరాసా వరకు మెట్లన్నీ వరుసగా కనబడతాయి. పరాసా కింద ఉన్న జాతులు కూడా కనబడతాయి. ఆ జాబితాను చూడగానే ఒక ప్రశ్న పుడుతుంది. ఉత్తర అమెరికాలో గులాబీ మొక్కల మీద కనిపించే పరాసా ఇండిటర్మినా, ఆఫ్రికాలో కాఫీ తోటలను ఆశించే పరాసా వివిడా, మన కొబ్బరి మీది పరాసా లెపిడా, ఇవన్నీ నిజంగా ఒకే ప్రజాతివేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే 1860కి వెళ్లాలి. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేసిన ఫ్రెడరిక్ మూర్ పరాసా అనే ప్రజాతి నామాన్ని ఆ ఏడాది ప్రతిపాదించాడు. ఒక ప్రజాతి పేరు ఏ జాతిని అంటిపెట్టుకుని ఉంటుందో ఆ జాతిని ప్రరూప జాతి అంటారు. పరాసాకు అటువంటి ప్రరూప జాతి ఉత్తర అమెరికాకు చెందిన పరాసా క్లోరిస్. అంటే, మన దేశపు సంగ్రహాలను పరిశీలించిన మనిషి పెట్టిన పేరైనా, నియమం ప్రకారం ఆ పేరు అమెరికా పురుగు వెంటే నడుస్తుంది. ఆసియా జాతులు ఆ అమెరికా జాతికి నిజంగా దగ్గరి చుట్టాలు కాకపోతే వాటికి వేరే ప్రజాతి నామాలు కావాలి. రెక్కల పచ్చదనం ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు. వ్యవసాయ పరిశోధన పత్రాలలో చాలాచోట్ల ఇదే పురుగు లటోయియా లెపిడా అనే పేరుతో కనిపించడానికి కూడా ఈ సందిగ్ధతే కారణం; లటోయియా 1844లో గెరాన్-మెనవీల్ పెట్టిన, మూర్ పేరు కంటే పాతదైన ప్రజాతి నామం. 2014లో రష్యా పరిశోధకుడు అలెక్సీ సొలొవ్యోవ్ యూరేషియా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాల పచ్చ జాతులను సమగ్రంగా పరిశీలించి, పరాసా అనే గొడుగు కింద వేర్వేరు వంశాలు చేరిపోయాయని చూపాడు. అప్పటివరకు పరాసా బైకలర్‌గా పిలిచిన జాతికి థెస్పియా అనే కొత్త ప్రజాతిని ఏర్పాటు చేశాడు. ఈ నిర్ణయాలకు ఆధారం రెక్కల రంగు కాదు, ప్రధానంగా మగ, ఆడ పురుగుల జననాంగాల నిర్మాణం.

ఐనేచురలిస్ట్ ఇటువంటి మార్పులను తట్టుకునే తీరు నాకు బాగా నచ్చింది. ఒక జాతిని ఒక ప్రజాతి నుంచి మరో ప్రజాతికి మార్చాలని స్వచ్ఛంద నిర్వాహకులు నిర్ణయించినప్పుడు, ఆ మార్పు ఒక నమోదుగా మిగులుతుంది. ఎవరు ప్రతిపాదించారు, ఏ ఆధారంతో మార్చారు, ఎవరు అభ్యంతరం చెప్పారు అన్నది ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. పాత పేరుతో చేర్చిన మన పరిశీలనలు వాటంతట అవే కొత్త పేరు కిందికి చేరతాయి, మనం పెట్టిన పాత గుర్తింపు మాత్రం చెరిగిపోదు. నిర్వాహకులు స్వచ్ఛందంగా పనిచేసేవారు కాబట్టి కొన్ని ప్రజాతులలో తాజా పరిశోధన పుటకెక్కడానికి సమయం పడుతుంది. ఈ సేవలోని వర్గీకరణను చివరి తీర్పుగా కాక, ప్రస్తుతం వాడుకలో ఉన్న ఏర్పాటుగా తీసుకోవాలి.

గుర్తింపుకు ఇచ్చే హోదా గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. ఫొటో, తేదీ, స్థలం ఉండి, గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒకే జాతిని చెబితే, ఆ పరిశీలనకు పరిశోధన స్థాయి అన్న ముద్ర పడుతుంది. దీనికి ఇద్దరు ఏకీభవించినా చాలు. పరాసా విషయంలో ఇది తక్కువ ఆధారమని నా అభిప్రాయం. ఆగ్నేయాసియా ఆయిల్ పామ్ తోటలలో లెపిడాతో పాటు పరాసా ఫిలెపిడా అనే జాతి కూడా ఉంది; రెండింటికీ పైచూపులో ఎంత పోలికంటే, పేరులోనే ఆ సంగతి తెలిసిపోతుంది. అటువంటి చోట ఇద్దరు మంచి మనసుతో అవునని నొక్కినంత మాత్రాన జాతి తేలదు. దీనికి పరిష్కారం కూడా ఈ సేవలోనే ఉంది, కానీ వాడేవారు తక్కువ. గుర్తింపును ఇంకా మెరుగుపరచవచ్చా అని పుట కింది భాగంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఫొటోను బట్టి ఇంతకు మించి చెప్పలేము అని అక్కడ సభ్యులు నమోదు చేస్తే, ప్రజాతి దగ్గరే ఆగిన పరిశీలనకు కూడా పరిశోధన స్థాయి హోదా దక్కుతుంది. పరాసా అని మాత్రమే రాసి ఆగడం అసమర్థత కాదు, ఉన్న ఆధారానికి కట్టుబడటం. ఆ నిజాయితీకి చోటిచ్చినందుకు ఈ సేవను నేను గౌరవిస్తాను.

పోలికకు మరో అనుభవం చెబుతాను. ఒక పురుగుమందుల వ్యాపార సంస్థ రైతుల కోసం విడుదల చేసిన యాప్‌లో ఇదే గొంగళి పురుగు ఫొటో పెట్టి చూశాను. అది పురుగు పేరును పైపైన చెప్పి, మరుక్షణమే మందు పేరు, మోతాదు, దగ్గరలోని దుకాణం చూపించింది. గూడు కట్టుకున్న దశలో ఏ మందూ సరిగా చేరదన్న మాట గానీ, ఈ పురుగును అదుపు చేసే పరాన్నజీవి కందిరీగల ప్రస్తావన గానీ అందులో లేవు. ఐనేచురలిస్ట్ వ్యవసాయ సలహా ఇవ్వదు, ఇవ్వాలని ఆశించకూడదు కూడా. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ వంటివి ఆ పనికి ఉన్నాయి. అయితే సరైన పేరు తెలియనిదే వారినైనా సరైన ప్రశ్న అడగలేము.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సూచన ఒకటే: ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. పురుగును ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, కొమ్మతో సహా గాలి తగిలే డబ్బాలో పెట్టి, అది తింటున్న ఆకునే రోజూ వేస్తూ పెంచితే, గూడు, ఆపైన తల్లి పురుగు కూడా చూడగలుగుతారు. గూటికి కూడా దురద పుట్టించే నూగు అంటుకుని ఉంటుంది కాబట్టి ఖాళీ గూడైనా పట్టకారుతోనే తీయాలి. ప్రతి దశనూ దాని తేదీతో విడి పరిశీలనగా చేర్చి, అవన్నీ ఒకే పురుగువని వివరణలో రాసి లంకె ఇవ్వాలి. డింభకమా (గొంగళి పురుగు), ప్యూపానా (గూటి దశ), ప్రౌఢ దశా (రెక్కల పురుగు) అన్న గుర్తును తప్పక పెట్టాలి. ఏ చెట్టు మీద దొరికిందో రాయడం మరవకూడదు. కొబ్బరి దింపు కార్మికులు కొట్టి పడేసిన మట్ట మీద దొరికిన పురుగుకు, ఇంట్లో దీపం దగ్గరికి వచ్చిన రెక్కల పురుగుకు వర్గీకరణ దృష్ట్యా విలువ ఒకటి కాదు: మొదటిదానికి ఆహారపు మొక్క తెలుసు, రెండోదానికి తెలియదు. గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ సంబంధాన్ని రుజువు చేసే ఇటువంటి పెంపకపు ఫొటోలు ఈ ప్రజాతిలో ఎన్ని ఉన్నా తక్కువే.

స్థలం బయటపెట్టడం ఇష్టం లేనివారు దానిని మసకగా చూపే ఎంపిక చేసుకోవచ్చు; అప్పుడు ఇంటి చిరునామా ఎవరికీ తెలియదు, ప్రాంతం మాత్రం తెలుస్తుంది. లైసెన్సు ఎంపికను ఒకసారి చూసుకోవాలి. వాణిజ్యేతర వినియోగానికి అనుమతించే లైసెన్సు ఉంటే, పరిశోధన స్థాయికి చేరిన పరిశీలనలు జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య సమాచార కేంద్రానికి చేరి, పరిశోధకులకు అందుబాటులోకి వస్తాయి. అన్ని హక్కులూ తనవే అని పెట్టుకున్న వారివి అక్కడికి వెళ్లవు.

పై లోపాల దృష్ట్యా ఐదు నక్షత్రాలలో నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటి ఇద్దరి ఏకీభావంతోనే ముద్ర పడే పద్ధతికి. తెలుగు చదువరులకు ఇక్కడ చేయగలిగిన పని ఒకటి మిగిలి ఉంది: ఏ జాతికైనా ఏ భాషలోనైనా వాడుక పేరును సభ్యులే చేర్చే వీలు ఈ సేవలో ఉంది. మీ ఊళ్లో ఈ పురుగును రైతులు ఏ పేరుతో పిలుస్తారో అడిగి తెలుసుకుని, ఆ పేరును పరాసా లెపిడా పుటలో తెలుగు కింద నమోదు చేయండి.