రోడ్డూ రైలూ ఒకే వంతెన మీదా, విడివిడిగానా?

పెద్ద నది మీద వంతెనంటే ఖర్చులో పెద్ద ముక్క ఇసుకలోకి లోతుగా దింపే పునాదులే మింగేస్తాయి కాబట్టి, రైలుకి వేసిన స్తంభాల మీదే రోడ్డు కూడా ఎక్కించేస్తే కలిసొస్తుందన్నది రెండంతస్తుల వంతెన లెక్క. రాజమండ్రిలో 1974లో తెరిచిన గోదావరి వంతెన అలాంటిదే. బ్రహ్మపుత్ర మీద 2018లో వచ్చిన 4.94 కిలోమీటర్ల బోగీబీల్ కూడా అంతే. రెండిట్లోనూ రైలు కిందే, ఎందుకంటే దానికి ఎత్తు పడదు. లారీ అయితే గేరు మార్చి పైకెక్కేస్తుంది. పైన నిలబడి రెయిలింగ్ మీద చెయ్యి పెడితే, కింద గూడ్స్ బండి వెళ్తున్నంతసేపూ ఆ అదురు అరచేతికి తెలుస్తుంది.

గొడవల్లా రిపేర్లప్పుడే. పైన రోడ్డు తవ్వాలంటే కింద రైళ్ల సంగతి చూసుకోవాలి, ట్రాఫిక్ పెరిగిందని వెడల్పు చేద్దామంటే దాదాపు కుదరని పని.

విడివిడిగా కడితే ఈ టెన్షన్ లేదు. అదే రాజమండ్రిలో 97.55 మీటర్ల చొప్పున 28 కమానులున్న కాంక్రీటు వంతెన ఒక్క రైలుకే. రోడ్డు వంతెనని ఊరికి అనువైన చోట వేసుకోవచ్చు, ఒకటి మూసినా రెండోది నడుస్తుంది. డబ్బుంటే నా ఓటు దీనికే.